పైవాటా సముద్రం

మొన్న మావారికి పాత బ్యాంకు స్నేహితుడెవరో ఫోను చేశాడు. మావారు ఫోను చెవికి అలాగే ఆనించుకుని నావైపు తిరిగి, "కలకత్తాలో మన పైవాటా ఆయన పోయాడటోయ్, నిద్రలోనే" అన్నారు. పొయ్యి మీద పోపు మాడిపోతున్నా నాకు తెలియలేదు. నిద్రలో పోయినవాళ్లని అందరూ అదృష్టవంతులంటారు. ఆయన్ని ఎరిగున్నవాళ్లెవరికీ ఆ మాట నోట రాదు.

ఆయనతో నా పరిచయమే ఒక పోట్లాట. మేం సాల్ట్ లేక్‌లో బ్యాంకు క్వార్టర్స్‌లో దిగిన కొత్తల్లో, హాల్లో పైకప్పు మూల చెమ్మెక్కి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారేవి. కింద బకెట్ పెట్టి కలకత్తా వానల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. వానలు వెలిశాయి, చుక్కలు ఆగలేదు. ఒకరోజు బకెట్ తీస్తుంటే చుక్క పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది! ఇదెక్కడి చోద్యం నాయనా అనుకుని, కొంగు బిగించి పైకెళ్లి తలుపు బాదాను.

పైవాటాలో ఉండేది మావారి బ్యాంకు మనిషే, తెలుగాయనేనని విని ఉన్నాను. తలుపు తీసిన మనిషికి యాభై దాటి ఉంటాయి. గళ్ల లుంగీ, భుజం మీద తువ్వాలు, రెండు చేతులూ మోచేతుల దాకా తడి.

"మీ బాత్రూం మా నెత్తి మీద కారుతోందండీ" అన్నాను.

"బాత్రూం కాదమ్మా, సముద్రం" అన్నారాయన. వేళాకోళం కాదు, పాలవాడు వచ్చాడన్నంత మామూలుగా అన్నారు.

లోపలికెళ్లి చూద్దును కదా, హాల్లో గోడ పొడుగునా గాజు తొట్టి. నీలం వెలుతురు. అందులో ఏవో పువ్వులు, బొత్తాలు, సన్నని వేళ్లు, అన్నీ మెల్లగా ఊగుతున్నాయి. "పగడాలు" అన్నారు. పగడం అంటే మా అమ్మమ్మ మెళ్లో దండ. లేదా బెంగాలీ ముత్తయిదువుల చేతికుండే ఎర్రగాజు. నాకు తెలిసింది అంతే. "ఇవేం మొక్కలండీ?" అన్నాను.

"మొక్కలు కావు, జంతువులు. నోరుంటాది, కడుపుంటాది. కాళ్లు మాత్రం లేవు. మనం ఏం చేసినా పారిపోలేవు చెల్లెమ్మా, పడుండాలంతే."

పోట్లాటకి వచ్చినదాన్ని చెల్లెమ్మా అనేసరికి నా గొంతు దిగిపోయింది. మర్నాడు ఆయనే ఓ డబ్బా, తాపీ పట్టుకుని వచ్చి మా పైకప్పుకు మాటు వేశారు. ఆ మాటు ఏడాది కూడా నిలవలేదనుకోండి.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడిగినట్టు లేదు. ఆఫీసు నుంచి వస్తే చెప్పులు విప్పకుండా తిన్నగా తొట్టి దగ్గరికెళ్లి మూత ఎత్తి వాసన చూసేవారు. తర్వాత వేలు ముంచి నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకుని ఒక్క క్షణం నిలబడేవారు. ఉప్పు కొలిచే పరికరం బల్ల మీదే ఉండేది. దాన్ని ఆ తర్వాత చూసేవారు, నాలిక చెప్పింది నిజమో కాదో తేల్చుకోడానికి. పులుసులో ఉప్పు చూసే మా అత్తగారికి కూడా అంత శ్రద్ధ లేదు.

మెట్ల మీద ఎదురైనప్పుడు "ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ మీ పగడాలు?" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "ఇవాళ్టికి ఉన్నాయి." బాగున్నాయని ఆ నోటివెంట ఒక్కసారి వినలేదు. తన ఒంట్లో ఎలా ఉందన్నా అదే మాట, ప్రభుత్వం సంగతి ఎత్తినా అదే మాట. ఏళ్ల తరబడి ఒకే ఎర్రజెండా ప్రభుత్వాన్ని చూస్తున్న మా వీధి బెంగాలీ ముసలాయనలు కూడా ఆయన మాట విని తలలు పట్టుకునేవారు.

ఆ తొట్టి కోసం ఆయన ప్రమోషన్లు వద్దన్నారు. బ్యాంకులో ప్రమోషనంటే బదిలీ. బదిలీ అంటే తొట్టి విప్పాలి, విప్పితే అవి బతకవు. కింద పనిచేసిన కుర్రాళ్లు పై అధికారులై వచ్చి ఆయన మీద అజమాయిషీ చేసేవారు. మావారు ఇంటికొచ్చి "పిచ్చి ముదిరింది మీ అన్నయ్యకి" అని పకపకా నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్లు మండేది. గాజుపెట్టెలో కాళ్లు లేని పురుగుల కోసం మనిషన్నవాడు బతుకు పాడుచేసుకుంటాడా?

వేసవి వస్తే మాకూ శిక్షే. నీళ్లు వేడెక్కకూడదని ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో తేలేసేవారు. ఆయన ఫ్రిజ్ చాలక మా ఫ్రిజ్ కూడా ఆయన సీసాలే. ఇక కరెంటు పోయిందంటే పైనుంచి బుడుంగు బుడుంగుమని చప్పుడు మొదలయ్యేది. తొట్టిలో నీళ్లు కదలకపోతే వాటికి ఊపిరాడదట. మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోసేవారు, మళ్లీ ముంచి మళ్లీ పోసేవారు, కరెంటు వచ్చేదాకా. నా సీరియల్ సగంలో ఆగిపోయిన కోపమంతా ఆ చప్పుడు మీద తీర్చుకునేదాన్ని. కాసేపటికి నాకే పాపమనిపించి పైకెళ్లి, "ఇలా ఇవ్వండి మగ్గు, మీరు కాస్త టీ తాగండి" అనేదాన్ని.

ఒక్కసారి ఆయనతో ఆదివారం సంతకు వెళ్లాను. ఉత్తర కలకత్తాలో రోడ్డు పక్కన మొక్కలూ పక్షులూ చేపలూ అమ్మే సంత అది. నేను గులాబీ మొక్కల కోసం, ఆయన ఒక పగడం కోసం. ఒక్క పగడం కోసం ఆయన ఎన్ని ఆదివారాలుగా తిరుగుతున్నారో ఆ అమ్మేవాడి మొహం చూస్తేనే తెలిసింది. "కీ దాదా, ఆజ్‌కేఓ నా?" అన్నాడు, ఇవాళ కూడా కొనరా అని. ఈయన ముందు అది ఎక్కడిదో అడిగారు. మన సముద్రంలోంచి పీకి తెచ్చినది ఆయనకు వద్దు, అది నేరం కూడా. పైదేశం నుంచి సరిగ్గా వచ్చినదని నమ్మకం కుదిరాక, తొట్టి మీది నీలం దీపం ఆర్పమన్నారు. దీపం ఆరితే ఆ మెరుపంతా పోయి, తడిసిన గుడ్డలా కనిపించింది. అప్పుడు కూర్చున్నారు దాని ముందు. అరచెయ్యి అడ్డం పెట్టి నీడ వేసి, ముడుచుకుంటుందా లేదా అని చూశారు. నీళ్లు వాసన చూశారు.

"ఆ పక్కది ఎంత ముద్దుగా ఉందో చూడండి, గులాబీ రంగు" అన్నాను, ఎండకి తాళలేక.

"రంగు చూడకండి చెల్లెమ్మా. చచ్చేముందు కొన్ని భలే రంగు తేలతాయి. కండ ఎముకని ఎక్కడ వదిలేస్తోందో అక్కడ చూడాల. అంచు దగ్గర."

ఆవేళ కొన్నదే 'బుర్ర'. అరచేతంత ఉండేది, మనిషి మెదడులా మడతలు మడతలుగా. పచ్చటి ఒళ్లు, అంచు వెంట వంకాయ రంగు. పగలు పూరీలా పొంగేది. సాయంత్రం దీపం తగ్గించగానే చుట్టూ సన్నని వేళ్లు బయటపెట్టేది. వెదురు పుల్లతో రొయ్యముక్క అందిస్తే మెల్లగా ముడుచుకుని మింగేది. ఉన్నవాటన్నిటిలో ఆయనకి అదే ప్రాణం.

చలికాలంలో వాళ్లమ్మగారు వచ్చేవారు. మిగతా రోజులు భీమిలిలో కూతురి దగ్గర ఉండేవారు. భాష రాని ఊరు, మాట్లాడ్డానికి నేను తప్ప దిక్కు లేదు. ఆవిడ హాల్లో దివాను మీద కూర్చునేవారు, తొట్టికి వీపు పెట్టి, చేతులు రెండూ కొంగులో దాచుకుని. నీచు వాసన పడదేమో అనుకున్నాను. ఆయన్నడిగితే నన్ను మెట్ల దగ్గరికి తీసుకొచ్చి చెప్పారు.

"నాకో తమ్ముడుండేవాడు చెల్లెమ్మా. కడుపునొప్పని ఏడిస్తే అమ్మ ఆముదం పట్టింది. అప్పట్లో అందరూ పట్టేవారు. ఆవేళే పోయాడు. మా నాన్నమ్మ అందరిలోనూ అనేసింది, నీ సెయ్యి మంచిది కాదే అని. అంతే. ఆ తర్వాత అమ్మ పసిపిల్లల్ని ఎత్తుకోలేదు, మొక్క నాటలేదు. నా చెల్లి పురుళ్లకి కూడా గది బయటే కూర్చుంది."

ఆ ఏడే ఆయనొక నాటకం ఆడారు. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని, చెయ్యి బెణికింది, బుర్రకి నువ్వు తిండి పెట్టమ్మా అన్నారు. పొద్దున్నే అదే చేత్తో మెట్ల మీద నిండు బకెట్లు మోసుకెళ్లిన మనిషి! నేను నోరు మూసుకున్నాను. ఆవిడ వద్దంటే వద్దన్నారు. "నానెడితే సచ్చిపోతాదిరా బాబూ." ఈయన వదల్లేదు. చివరికి పుల్ల చిట్టచివర పట్టుకుని ముక్క అందించారు. బుర్ర అందుకుంది, ముడుచుకుంది, మింగింది. ఆవిడ రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున్నే లేచి చూస్తే పూరీలా పొంగి ఉందట.

ఆయన చెయ్యి ఆ చలికాలమంతా నయం కాలేదు. బుర్ర పెరిగింది. మాఘమాసంలో ఒకరోజు పెద్దమ్మగారు మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఏటే అమ్మాయ్, నా సెయ్యి తగిలినా బతికింది సూడే!" అన్నారు. అంత ముసలావిడ చిన్నపిల్లలా నవ్వడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని పురుగుల పిచ్చోడని తిట్టుకోవడం ఆ రోజుతో మానేశాను.

ఆ మరుసటి ఏడు ఎండలు మొదలయ్యే వేళకి ఆయన దగ్గర ఉప్పు అయిపోయింది. తొట్టి నీళ్లకి వాడే ఉప్పు పొట్లాలు విదేశం నుంచి రావాలి, ఏవో సమ్మెల్లో ఆ సరుకు ఇరుక్కుంది. నీళ్లు మార్చకపోతే అవి నీరసించిపోతాయి. ఫోన్లో ఆ మాట విన్న పెద్దమ్మగారు తెలిసిన పడవ మనిషిని పట్టుకుని, కెరటాలు దాటి లోపలికి పంపి, తేటగా ఉన్న సముద్రపు నీళ్లు పట్టించి, కేన్లతో సహా రైలెక్కి హౌరాలో దిగారు. ఆ సాయంత్రం ఆయన నీళ్లు నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకుని, "మన భీమిలే!" అన్నారు. ఆయన పళ్లు కనపడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే. అమ్మా కొడుకూ కలిసి పోశారు.

కొన్నాళ్లకే బొత్తాలు మూసుకున్నాయి. వేళ్లు వాలిపోయాయి. అదే వారం గాలివాన వచ్చి ఓ సాయంత్రమంతా కరెంటు పోతే, ఆయనా నేనూ పెద్దమ్మగారూ వంతులవారీగా మగ్గుతో పోశాం. మర్నాటికి ఇల్లంతా కుళ్లు వాసన. ఒక్కొక్కటీ కండ కరిగిపోయి తెల్లటి ఎముక తేలింది. ఆయన బకెట్లో ఏరుతుంటే పెద్దమ్మగారు గోడకానుకుని నిలబడ్డారు.

"బాబూ, నా నీల్లేటైనా సేసేయేటిరా?" అన్నారు. "సుద్దిగానే తెచ్చేనే. కొత్త కేన్లు కంపు కొడతన్నాయని ఆటిని కడిగి ఎండెట్టి, అందాకా నీల్లు రాగి కాగులో పోసి ఉంచేను. రాగిలో అయితే నీల్లు బతికుంటాయి గదా అని."

ఆయన చేతిలో ముక్క జారి బకెట్లో పడింది. తలెత్తి తల్లివైపు చూశారు. ఆవిడ చేతులు అప్పటికే కొంగులోకి వెళ్లిపోతున్నాయి.

"నీళ్లకేటమ్మా, బంగారం" అన్నారు. "కరెంటు ముంచింది."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, కరెంటు వాళ్లని పేరుపేరునా శపించడం మొదలుపెట్టారు. ఆయన మా ఇంటికి సీసాల కోసం దిగివచ్చి, ఫ్రిజ్ ముందు నిలబడిపోయారు. "రాగి, చెల్లెమ్మా. మనకి మంచిది. వీటికి ఇసుమంత చాలు, విషం."

బుర్ర ఒక్కటే మిగిలింది, అదీ సగం. ఒకపక్క ఎముక తేలి, ఇంకోపక్క చింతాకంత కండ. ఆవిడ వెళ్లిపోయాక ఆయన ఆ ఏడంతా దానికి పసిబిడ్డకి చేసినట్టు చేశారు. బొగ్గు వేసి నీళ్లు వడగట్టడం, మార్చడం, మళ్లీ వడగట్టడం. ఖాళీ తొట్టిలో అదొక్కటే. భీమిలి నుంచి ఫోనొస్తే ఆవిడ ముందు దాన్నే అడిగేవారు, ఆ తర్వాతే కొడుకుని. చలికాలం వచ్చేసరికి తేలిన ఎముక మీదకి కండ కాస్త పాకింది. నాకు చూపించి, అంచు మీద వేలు ఆనించకుండా ఆనించినట్టు గాజు మీద గీసి, "ఇక్కడిదాకా వచ్చింది" అన్నారు.

అప్పుడు దిగారు పెద్దమ్మగారు, చెప్పాపెట్టకుండా. హౌరా నుంచి టాక్సీ. టాక్సీ నిండా కేన్లు.

"పోయినసారి బంగారం అన్నావు గదరా! ఆ మాయదారి కరెంటు లేకపోతే అన్నీ బతుకును. ఈసారి కాగుని సింతపండెట్టి తోమి తోమి అద్దంలా సేసేను. నీల్లు వారం ఉంచేను అందులో."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తన కళ్లముందే ఉండాలని ఆవిడ పట్టుబడితే ఆయన కేన్లు దివాను కింద సర్దారు, తొట్టికి ఎదురుగా, ఆవిడ పడుకునే చోట. మర్నాడు మెట్ల మీద పట్టుకుని దులిపేశాను. "చెప్పెయ్యండి అన్నయ్యగారూ, పెద్దావిడకి అర్థమవుతుంది."

"అర్థమవుతాది. అదే భయం."

"అయితే ఆ నీళ్లు పారబోసి మీ ఉప్పునీళ్లు నింపెయ్యండి."

"కేన్లు కదిపితే లేస్తాది. పగలంతా వాటి పక్కనే కూచుంటాది."

"పోనీ బుర్రని మా ఇంట్లో బకెట్లో దాచండి!"

"దాన్ని చూడ్డానికే వచ్చింది చెల్లెమ్మా. లేచింది మొదలు దాన్నే చూస్తోంది."

ఉప్పు సరిపోల్చాలనీ, నీళ్లు చల్లబడాలనీ సాకులు చెప్పి కొన్నాళ్లు లాగారు. ఆవిడ మొహం వాడిపోవడం మొదలైంది. "నా నీల్లు పోయడం నీకిట్టం లేదేటిరా?" అన్నారు ఒక సాయంత్రం, నా ఎదురుగానే. చేతులు కొంగులోకి జరిగాయి.

ఆయన లేచి కేను తెచ్చారు. మూత తీశారు. వేలు ముంచి నాలిక్కి రాసుకోలేదు. "నువ్వు కూడా ఓ చెయ్యెయ్యమ్మా" అన్నారు. ఇద్దరూ కలిసి వంచారు. బుర్ర పొంగి ఉంది, అప్పుడే వేళ్లు బయటపెడుతోంది. నేను చూడలేక కిందికి వచ్చేశాను. మా హాల్లో కూర్చుంటే పైనుంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

మర్నాడు బ్యాంకుకెళ్లి, వద్దన్న ప్రమోషన్ ఒప్పుకుంటానని చెప్పొచ్చారట. మావారు వచ్చి చెప్తే నేను నమ్మలేదు. వాళ్లమ్మగారితో "బదిలీ అయిందమ్మా, తొట్టి తీసెయ్యాల, నువ్వు ముందు భీమిలి ఎళ్లు" అన్నారు. బుర్ర అప్పటికే ముడుచుకుంది. చలికి పడుకుందని చెప్పి దీపం తగ్గించేశారు. కొడుకు పెద్ద ఆఫీసరయ్యాడని ఆవిడ వాటావాటాకీ వెళ్లి, భాష రాకపోయినా చేతుల్తో చెప్పి, సంతోషంగా రైలెక్కారు. ఆవిడ వెళ్లిన కొన్నాళ్లకి అది పోయింది. చావు చూడకుండా తప్పించారు ఆవిడకి, అంతవరకే ఆయన చేయగలిగింది.

సామాను లారీకెక్కించే రోజున టీ పట్టుకెళ్లాను. గోడ మీద తొట్టి ఉన్న మేరా తెల్లగా ఉప్పు మరక. నాకు తెలిసిన ఓదార్పు ఒక్కటే. "కొత్త ఊళ్లో మళ్లీ పెట్టుకుందురుగాని అన్నయ్యగారూ. మీరు ఎంచితే తప్పకుండా బతుకుతాయి."

"పెడితే అమ్మ మళ్లీ నీళ్లు తెస్తాది చెల్లెమ్మా" అన్నారు. గ్లాసు తిరిగిచ్చి లారీ ఎక్కారు. ఆ తర్వాత నేను ఆయన్ని చూడలేదు. ఎక్కడెక్కడో సముద్రం లేని ఎండు ఊళ్లలో పనిచేసి రిటైరయ్యారని మాత్రం వినేవాళ్లం.

కబురు తెలిశాక మావారు ఎవరెవరినో అడిగి భీమిలి నంబరు సంపాదించారు. పెద్దమ్మగారే ఎత్తారు. తొంభై దగ్గర పడినా గొంతు అదే. నన్ను పోల్చుకుని కాసేపు ఏడ్చారు. ఆ తర్వాత, చాలాకాలంగా ఎవర్నో అడగాలని ఉన్నట్టు, గొంతు తగ్గించి అడిగారు.

"ఊరు మారేక మల్లీ ఎట్టమని ఎన్నిసార్లు సెప్పేనే అమ్మాయ్. నవ్వేసేవోడు. ఒట్టి గోడ సూసుకుంటా కూకునేవోడు. అదంటే పేనం గదా ఆడికి, మల్లీ ఎందుకెట్టలేదే? నీకేటైనా సెప్పేడా? నీల్లకేటి, నాను తేనా? పాక్కుంటా ఎల్లైనా తెద్దును గదే."

"తెచ్చేవారు పెద్దమ్మగారూ" అన్నాను. "నాకేమీ చెప్పలేదండీ."